గోడవైపు తిరిగిన దశరథరామయ్య మాస్టారు

దశరథరామయ్య మాస్టారి గొంతు వినాలంటే ఆయన ఇంటిదాకా వెళ్ళనక్కరలేదు, రేపల్లె స్టేషన్లో రైలు దిగితే చాలు అని ఊళ్ళో ఒక మాట ఉంది. అది కాస్త ఎక్కువ చేసి చెప్పడమే. కాని ఆయన అరుగు మీద నిలబడి ఎక్కాలు చెప్పిస్తుంటే, వెనకవీధి ఆడవాళ్ళకు కుక్కర్ కూతలు వినపడక పప్పు మాడిపోయిన మాట మాత్రం నిజం.

బళ్ళో లెక్కల మాస్టారి కొలువు అయిపోయినా ఆయన నోరు రిటైరు కాలేదు. అరుగు మీద ట్యూషను పెట్టారు. "మా అరుగెక్కినవాడు ఫెయిలైన దాఖలా లేదు" అన్నది ఆయన ఊతపదం. చెప్పుకోవడమే కాదు, నిలబెట్టుకున్నారు కూడా. చదువొద్దు, రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉంటానన్నవాణ్ణి రెక్క పట్టుకు లాక్కొచ్చి పదో తరగతి గట్టెక్కించారు. వాడిప్పటికీ ఈయన కనిపిస్తే బండి ఆపి దండం పెడతాడు. కాస్త భయంతోనే అనుకోండి.

అలాంటి మనిషికి ఒకనాడు అంగన్‌వాడీ టీచరు ఒక కబురు చెప్పింది. వచ్చే బుధవారం బాపట్ల నుంచి అలేఖ్య అనే మేడమ్ వస్తుంది. ఇంకా బళ్ళో చేరని పిల్లలందరికీ చూపు, వినికిడి, మాట, నడక ఎలా ఉన్నాయో చూస్తుంది. ఎవరికైనా ఎందులోనైనా వెనకబాటు ఉంటే ఇప్పుడే కనిపెట్టి, బళ్ళో వేసేలోగా కావలసిన సాయం చేయిస్తుంది.

"వెనకబాటా?" అన్నారు మాస్టారు. "మా వీధిలోనా?"

"మీ వీధని కాదండి మాస్టారూ. ఎక్కడైనా ఒకరిద్దరుంటారు కదండి. ముందే తెలిస్తే మంచిదే కదా."

"ఉండరు. నువ్వు చూస్తా ఉండు."

టీచరమ్మ చెప్పింది ఆయనకు అర్థం కాలేదని కాదు. శుభ్రంగా అర్థమైంది. కాని మాస్టారు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఎక్కడైనా ఎవరైనా పిల్లల్ని ప్రశ్న అడగబోతున్నారని తెలిసి కూడా ముందే జవాబు నేర్పి పంపకపోతే అది పెద్దల తప్పని ఆయన నమ్మకం. నిజం చెప్పొద్దూ, ఈ జబ్బు ఆయన ఒక్కడిదే కాదు. పిల్ల పుట్టగానే ముందు జాతకం, ఆ వెంటనే మంచి కోచింగు సెంటరూ చూసుకునే ఇళ్ళు మా వైపు వీధికి నాలుగున్నాయి.

ఆయన మనవరాలు సంజనకు అప్పుడు నాలుగేళ్ళు. కోడలు ప్రశాంతి ఏడాదిగా ఒకటే పోరు. "మావయ్యగారూ, పిల్ల వెనకనించి పిలిస్తే పలకట్లేదండి. పేరడిగితే అంజన అంటంది గాని సంజన అనట్లేదు. ఒకసారి ఎవరికైనా చూపిద్దామండి."

మాస్టారు ఆ మాట పెడచెవిన పెట్టారు. నేను పిలిస్తే పలుకుతోందిగా, అన్నారు. పలకదా మరి! ఆయన పిలిస్తే స్టేషన్లో గార్డు కూడా పలుకుతాడు. "మా వంశంలో అందరికీ పరధ్యానమేనమ్మా. మా నాన్న పెళ్ళిపీటల మీద కూర్చుని పొలంలో ఎలకల గురించి ఆలోచించాడంట" అని నవ్వించి పంపేశారు. కొడుకు పొన్నూరులో రైసుమిల్లు చూసుకుంటాడు, పొద్దున పోతే పొద్దుపోయాక వస్తాడు. అతనికి తండ్రి మాట వేదం. ఇక మిగిలింది ఆ బాపట్ల మేడమే. ప్రశాంతి తన ఆశంతా ఆవిడ మీద పెట్టుకుని బుధవారం కోసం ఎదురుచూసింది.

మర్నాడే మాస్టారు బస్సెక్కి కర్లపాలెం వెళ్ళారు. మేడమ్ అంతకుముందు వారం అక్కడి పిల్లల్ని చూసి వెళ్ళిందని ఆయన వాకబు చేశారు. పాత ప్రశ్నపత్రం చూడకుండా ఒక్క పిల్లవాణ్ణయినా పరీక్షకు కూర్చోబెట్టడం ఆయన చరిత్రలో లేదు. కుళాయి దగ్గర తల్లుల్ని ఆపి, "అమ్మా, మీ వాణ్ణి ముందేం అడిగారు? తర్వాతేం అడిగారు?" అని కూపీ లాగారు. ఈయనెవరో పెద్ద ఆఫీసరనుకుని వాళ్ళు బిందెలు దించి మరీ చెప్పారు. ఒంటికాలి మీద నిలబడమంది, పేరడిగింది, చెక్కముక్కలు పేర్చమంది, రంగులడిగింది, బంతి తీసి కుర్చీ కింద పెట్టమంది, వెనకనించి గంట మోగించి వినపడగానే చెయ్యెత్తమంది.

ఆ సాయంత్రమే అరుగు మీద మోడల్ టెస్టులు మొదలయ్యాయి. వీధిలో లాగూ జారిపోయే వయసు పిల్లలంతా హాజరు. ఒంటికాలి మీద నిలబడండ్రా అంటే ఒకడు పడబోయి పక్కవాణ్ణి పట్టుకున్నాడు, వాడు ఇంకొకణ్ణి పట్టుకున్నాడు, వరస వరసంతా అరుగు మీంచి మల్లెపందిట్లోకి కూలింది. చెక్కముక్కలు లేవని మాస్టారు భార్య అనంతలక్ష్మి గారి పోపులపెట్టెలో గిన్నెలు తెచ్చి పేర్పించారు. ఆవాలూ మెంతులూ ఏకమై ఆ ఇంట్లో చారు చాలా రోజులు చేదెక్కింది. గంట దేవుడి మందసంలోంచి వచ్చింది.

"ఏవండీ, ఆ గంట ఇటివ్వండి. హారతివ్వాలి" అని లోపల్నించి ఆవిడ.

"ఉండవే. దేవుడెక్కడికీ పోడు. వీళ్ళకి టైము లేదు" అని అరుగు మీంచి ఈయన.

ఎదురింటి ఎజ్రాకు గంట వినపడిందంటే ఆ ఇంట్లో అరటిపండు పెడతారని తెలుసు. చెయ్యెత్తరా అంటే చెయ్యి చాచేవాడు. ఎంత దిద్దినా వాడి చెయ్యి పైకి లేవలేదు, ముందుకే వచ్చింది.

సంజన మాత్రం అందరికంటే ముందు. తాతయ్య ఎదురుగా నిలబడి నోరంతా తెరిచి గర్జిస్తుంటే, ఆ పిల్ల రెప్ప వెయ్యకుండా ఆయన మొహంలోకి చూసి ఠక్కున చేసేసేది. గంట కొట్టేటప్పుడు మాస్టారి కనుబొమలు వాటంతటవే పైకి లేచేవి. వాటితోపాటే సంజన చెయ్యీ లేచేది.

"చూశావామ్మా, పరధ్యానం ఎటుపోయిందో!" అని కోడలి వైపు మీసం దువ్వారు మాస్టారు.

బుధవారం రానే వచ్చింది. అలేఖ్య మేడమ్ అంటే ఎవరో అనుకున్నారు గాని, నవ్వుమొహం చిన్నపిల్ల. అంగన్‌వాడీ గదిలో చాప పరుచుకుని కూర్చుని, పెద్దవాళ్ళని బయట ఉండమంది. మాస్టారు మాట జవదాటలేదు, బయటే ఉన్నారు. కిటికీ బయట, సరిగ్గా ఆవిడ వీపు వెనక.

ముందు ఎజ్రా వెళ్ళాడు. ఆ వేళ మేడమ్ వరస మార్చింది.

"నీ పేరేంటి నాన్నా?"

ఎజ్రా లేచి ఒంటికాలి మీద నిలబడ్డాడు.

"నిలబడక్కర్లేదు బంగారం. పేరు చెప్పు."

వాడు కాలు మార్చాడు. ఆవిడ ఎర్రరంగు అట్ట చూపించి ఇదేంటంటే "ఎజ్రా!" అని గట్టిగా అరిచాడు. ఆ తర్వాత వచ్చిన పిల్ల, మేడమ్ నోరు తెరవకముందే బంతి తీసి కుర్చీ కింద పెట్టి ఇంటికి పోబోయింది. మేడమ్ నవ్వాపుకోలేక చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. కిటికీ బయట మాస్టారు నెత్తి బాదుకున్నారు. వరస మారుతుందని కర్లపాలెం వాళ్ళు ఒక్కళ్ళూ చెప్పలేదే! ఆవిడ ఓపిగ్గా మళ్ళీ మళ్ళీ ఆడిస్తే పిల్లలందరూ తేలికపడి బాగానే చేశారు.

సంజనను రెండోసారి అడగాల్సిన పనే రాలేదు. వరస తలకిందులైనా ఆ పిల్ల తడబడలేదు, ఎందుకంటే దాని చూపు మేడమ్ భుజం మీదుగా కిటికీలో ఉంది. కిటికీలో తాతయ్య ఎర్రకి ఎర్ర, పచ్చకి పచ్చ పెదాలతో పలికి చూపిస్తున్నారు. బంతికి చేతులు గుండ్రంగా తిప్పుతున్నారు. మేడమ్ తల వంచి రాసుకుంటుండగా, టీచరమ్మ పిల్ల వెనక నిలబడి గంట మోగించింది. కిటికీలో కనుబొమలు లేచాయి. పిల్ల చెయ్యి లేచింది. టీచరమ్మకు ఎదురుగా ఈ తతంగమంతా కనపడుతూనే ఉంది. కాని ఆవిడా ఒకప్పుడు ఆయన అరుగెక్కి ఎక్కాలు నేర్చిన మనిషే, నోరు మెదిపే ధైర్యం చెయ్యలేదు.

"పిల్లలంతా చక్కగా ఉన్నారండి" అని చెప్పి మేడమ్ వెళ్ళిపోయింది.

ఇక వీధి వీధంతా పండగే. మాస్టారు పెద్ద పొట్లాం మైసూరుపాక్ తెప్పించి పంచారు. సంజనను భుజాన ఎక్కించుకుని, "ఫస్టు! మా పిల్ల ఫస్టు!" అని ఈ చివరనుంచి ఆ చివరకు తిరిగారు. పిల్లలు వెనకాల ఒంటికాలి మీద గెంతుతూ ఊరేగింపు కట్టారు. ప్రశాంతి ఒక్కతే మైసూరుపాక్ ముక్క చేతిలో పట్టుకుని తినకుండా నిలబడింది.

"బానే ఉందన్నారుగా మావయ్యగారూ. మంచిదేనండి" అంది గాని, ఆ గొంతులో సంతోషం లేదు.

ఆ మైసూరుపాక్ ఏనాడు చేసిందో, ఇటుకముక్కే నయం. ఆనందంలో మాస్టారు రెండో ముక్క కొరికేసరికి దవడపన్ను పుటుక్కుమంది. తెల్లారేసరికి బుగ్గ బూరెలా పొంగింది. అనంతలక్ష్మి గారు లవంగనూనె దూది పెట్టి, తువ్వాలు తీసుకుని నోటి మీదుగా చుట్టి నడినెత్తిన ముడి బిగించారు. "ఈ పూటన్నా వీధిలో వాళ్ళు నిమ్మళంగా పప్పు వండుకుంటారు" అన్నారు.

సాయంత్రం పిల్లలు అలవాటుగా అరుగు మీదకు వచ్చేశారు. మాస్టారికి చూస్తూ ఊరుకోవడం చేతకాదు. తువ్వాలు వెనకనుంచే, "ఒంటికాలి మీద నిలబడండ్రా" అన్నారు. పుట్టాక మొదటిసారి ఆయన గొంతు మామూలు మనిషి గొంతంత వచ్చింది. పిల్లలు కిలకిల నవ్వుతూ నిలబడ్డారు. సంజన నిలబడలేదు, ఆయన మొహంలోకే చూస్తోంది.

"చప్పట్లు కొట్టండి."

అందరూ కొట్టారు. సంజన పక్కవాళ్ళని చూసి, తర్వాత కొట్టింది.

"సంజూ, నీ పేరేంటమ్మా?"

ఆ పిల్ల దగ్గరకొచ్చి, ఆయన ఒళ్ళోకెక్కి, తువ్వాలు కొస ఎత్తి లోపల నోరెక్కడుందో వెతికింది. పిల్లలు గొల్లుమన్నారు. మాస్టారూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగిపోయారు.

లేచి మందసంలోని గంట తెచ్చారు. సంజనను పందిరి వైపు తిప్పి నిలబెట్టి, తాను వెనక్కి వెళ్ళి మోగించారు. ఎదురింట్లోంచి ఎజ్రా చెయ్యి చాచుకుని పరిగెత్తుకొచ్చాడు. సంజన మల్లెమొగ్గ తుంచుకుంటోంది. మళ్ళీ మోగించారు. ఆ పిల్ల ఇంకో మొగ్గ తుంచింది.

మాస్టారు గంట చేత్తో పట్టుకునే అరుగు మీద కూలబడ్డారు. ఇన్నాళ్ళూ పిల్ల విన్నది మాట కాదు, తన మొహం. తన గావుకేకల వెనక, ఈ కనుబొమల వెనక దాని లోటును చేజేతులా తానే దాచిపెట్టారు. నిన్న ఆ కిటికీలో దాన్ని గట్టెక్కించలేదు, ముంచారు. భయమేసింది. కోడలి మాట గుర్తొచ్చి అంతకుమించిన సిగ్గేసింది.

సంగతి విని అనంతలక్ష్మి గారు తలుపు దగ్గరకు వేశారు. "ఊరుకోండి. ఆ మేడమే బానే ఉందని చెప్పి వెళ్ళింది. ఇప్పుడు మళ్ళీ కెలుకుతారేంటి? ఊళ్ళో పేరు పడిపోద్ది. రేపు బళ్ళో పిల్లలు ఏడిపిస్తారండి."

"ఏడిపిస్తున్నారని తెలియాలన్నా దానికి వినపడాలి కదే!" అన్నారు మాస్టారు.

వంటింట్లో ఉన్న ప్రశాంతి దగ్గరకు వెళ్ళి, తువ్వాలులోంచే, "అమ్మా, నువ్వు చెప్పిందే నిజం. తప్పు నాదే" అన్నారు.

"ఏంటండి మావయ్యగారూ? సరిగ్గా వినపళ్ళేదండి."

మాస్టారు ముడి విప్పి తువ్వాలు అవతల పారేసి, పన్ను సలుపుతుంటే పళ్ళ బిగువున మళ్ళీ అదే మాట అన్నారు. ఈసారి తన మామూలు గొంతుతో. దాంతో మాస్టారు తప్పు ఒప్పుకున్నారని కోడలితోపాటు మూడు వీధులకూ తెలిసింది. ప్రశాంతికి ఏడుపొచ్చింది, బయట ఎవరో "ఏంటంట? ఏంటంట?" అనడం విని వెంటనే నవ్వూ వచ్చింది.

మర్నాడు ఆ వాచిన బుగ్గతోనే మాస్టారు బాపట్ల బస్సెక్కారు. అలేఖ్య మేడమ్ ఆఫీసుకు వెళ్ళి, కుర్చీలో కూర్చోకుండానే, "అమ్మా, మా పిల్లని ఫెయిల్ చెయ్యండి" అన్నారు.

ఆవిడ బిత్తరపోయింది. ఆయన కర్లపాలెం కుళాయి దగ్గర మొదలుపెట్టి కిటికీ దాకా మొత్తం చెప్పారు. వింటూ వింటూ ఆవిడ బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది. "అయితే ఎజ్రా ఒంటికాలు మీరు నేర్పిందేనాండి!" అంది. గంట దగ్గరకు వచ్చేసరికి మాత్రం నవ్వు మాని నిటారుగా కూర్చుంది.

"నేనూ వెనక్కి తిరిగి చూడాల్సిందండి" అంది. "మాస్టారూ, ఇందులో పాసూ ఫెయిలూ లేవండి."

"లేకపోతే ఎట్టాగమ్మా? చెయ్యలేని పిల్ల సంగతేంటి?"

"ఆ పిల్ల చెయ్యి పట్టుకోడానికేనండి ఇదంతా. మీరు ముందే పట్టేసుకుంటే మాకు కనపడదు కదండి."

ఆవిడ తెనాలిలో చెవి పరీక్ష చేసే రవిశంకర్‌కు అప్పటికప్పుడే ఫోను చేసింది. రేపల్లె వచ్చి పిల్లలందరినీ మళ్ళీ చూస్తానంది. "ఈసారి కిటికీ మూస్తానండి" అని చెప్పి పంపింది.

తెనాలికి తాతా, కోడలూ, మనవరాలూ పొద్దున రైలుకు వెళ్ళారు. అక్కడ అద్దం బిగించిన చిన్న గది. లోపల సంజన చెవులకు హెడ్‌ఫోన్లు తొడిగి, ముందు ఒక గిన్నె, గుప్పెడు పూసలు పెట్టారు. చప్పుడు వినపడినప్పుడల్లా గిన్నెలో ఒక పూస వెయ్యాలి. అద్దం ఇవతల రవిశంకర్ మీట నొక్కితే, పిల్లకు కనపడకుండా అతని ముందే చిన్న దీపం వెలిగి లోపలికి చప్పుడు వెళుతుంది. మాస్టారు అతని వెనకే నిలబడ్డారు.

దీపం వెలిగింది. గిన్నెలో పూస పడింది. చప్పుడు తగ్గించాడు. పూస పడింది. ఇంకా తగ్గించాడు. పూస పడింది.

"పిల్ల బ్రహ్మాండంగా వింటందే!" అన్నాడు రవిశంకర్. ఎందుకో అనుమానమొచ్చి చప్పుడు మొత్తం ఆపేసి ఉత్త దీపం వెలిగించాడు. పూస పడింది. అతను మెల్లగా వెనక్కి తిరిగాడు. మాస్టారి కనుబొమలు ఇంకా నడినెత్తినే ఉన్నాయి.

"మాస్టారూ, మీరు కాసేపు ఆ గోడవైపు తిరగండి."

ప్రశాంతి కొంగు నోట్లో కుక్కుకుంది. బళ్ళో ఎంతమందిని గోడవైపు తిప్పి నిలబెట్టారో లెక్కలేని మాస్టారు, బుద్ధిగా వెళ్ళి గోడకు మొహం పెట్టి నిలబడ్డారు. గోడకు కొత్తగా వేసిన సున్నం వాసన. వెనకాల మీట నొక్కిన చప్పుడయింది. ఆయన కనుబొమలు ఊరుకోలేదు, లేచాయి. చూసేవాళ్ళు లేరు. గిన్నె శబ్దం కోసం ఒళ్ళంతా చెవులు చేసుకుని విన్నారు. మీట నొక్కారు. ఏమీ లేదు. మళ్ళీ నొక్కారు. ఏమీ లేదు. ఎప్పటికో ఒకసారి టక్కుమంది, ప్రాణం లేచొచ్చింది. మళ్ళీ అంతా నిశ్శబ్దం.

ఒక్కసారి వెనక్కి తిరిగితే చాలు. పిల్ల పాసు. ఒక్క కనుబొమ చాలు. జీవితంలో ఒక్క పిల్లవాణ్ణీ ఫెయిలవనివ్వని మనిషి, కన్నకొడుకు కూతురు వెనకాల వరసగా తప్పుతుంటే చేతులు కట్టుకుని గోడను చూస్తూ నిలబడ్డారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుంటే అది కూడా సైగ అనుకుంటుందేమోనని తుడుచుకోలేదు.

"ఇక ఇటు తిరగండి మాస్టారూ" అన్నాడు రవిశంకర్. గట్టి చప్పుళ్ళు వింటోంది, మామూలు మాటలో సగం అందట్లేదు, సకారం లాంటి సన్నటి శబ్దాలు అసలే అందట్లేదు. రెండు చెవులకూ యంత్రాలు పెట్టి, మాట నేర్పిస్తే అందరిలాగే బడికి పోతుంది. "మంచి వయసులో తెచ్చారండి. మీ కోచింగులో ఇంకో రెండేళ్ళుంటే కష్టమయ్యేది."

"ఆ సెంటరు మూసేశానయ్యా" అన్నారు మాస్టారు.

కొన్ని వారాలకు యంత్రాలు వచ్చాయి. తెనాలిలోనే పెట్టి పంపారు. చెవుల వెనక చిక్కుడుగింజలంత గులాబీరంగువి. తిరుగు రైలు కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చున్నారు. సంజన రైలుపట్టాల మీద కాకుల్ని చూస్తోంది. మాస్టారికి మనసాగలేదు. పిల్ల వెనక్కి వెళ్ళి, నేర్చుకున్న పాఠం మర్చిపోకుండా స్తంభం వైపు మొహం తిప్పుకుని, తనకు తెలిసిన ఒకే ఒక్క గొంతుతో గర్జించారు.

"నీ పేరేంటీ?"

ప్లాట్‌ఫారం మీద ఉన్నవాళ్ళంతా ఉలిక్కిపడ్డారు. పక్క బెంచీ మీద కునుకుతున్న పెద్దమనిషి లేచి నిలబడి, "బసవేశ్వరరావండి!" అన్నాడు. సంజన రెండు చెవులూ మూసుకుని గిర్రున వెనక్కి తిరిగింది.

"అంజన! అరవకు తాతా!"

మాస్టారు స్తంభానికి నుదురానించి నవ్వారు. నవ్వుతూనే ఏడ్చారు. ప్రశాంతి పిల్లను పట్టుకుని అక్కడే కింద కూర్చుండిపోయింది. ఏమైందో తెలియకపోయినా బసవేశ్వరరావు గారు కూడా కళ్ళు తుడుచుకున్నారు.

ఇంటికొచ్చేసరికి దీపాల వేళయింది. అనంతలక్ష్మి గారు వంటింట్లో ఉన్నారు. మాస్టారు గుమ్మంలో చెప్పులు విడిచి, "కాస్త కాఫీ ఇస్తావా?" అన్నారు. లోపల్నించి జవాబు లేదు. మళ్ళీ అడిగారు. ఆవిడ గరిటె పట్టుకుని కంగారుగా బయటికొచ్చారు.

"ఏంటండీ ఆ గొంతు? ఒంట్లో బాలేదా? కాస్త గట్టిగా చెప్పండి!"

మాస్టారు పెదాల మీద వేలు పెట్టుకున్నారు.

"నెమ్మదిగా మాట్లాడవే. పిల్లకు వినపడుతోంది."